శాంప్లర్ లోపల ఇరుక్కున్న శబ్దం: ఐదు పిన్నుల వైరు నుంచి మన ఫోన్ దాకా

వాట్సాప్‌లో ఒక సెకను వాయిస్ నోట్ పంపడానికి ఎంతసేపు పడుతుంది? వేలు తీసేలోపే వెళ్ళిపోతుంది. అదే 1986లో వచ్చిన పద్ధతిలో, సీడీ క్వాలిటీ శబ్దం ఒకే ఒక్క సెకను, ఒక మెషీన్ నుంచి అదే బల్ల మీద పక్కనున్న ఇంకో మెషీన్‌కి పంపాలంటే ముప్పావు నిమిషం పట్టేది. అదీ సెట్టింగులన్నీ కుదిరితేనే. కుదరకపోతే రాత్రంతా కూర్చున్నా ఒక్క ముక్క కదిలేది కాదు.

ఇవాళ హార్డ్‌వేర్ శాంప్లర్ గురించి మాట్లాడతా. దాన్ని ఎలా వాయించాలి అన్నది కాదు. దాన్ని పక్క మెషీన్లతో ఎలా మాట్లాడించారు, ఆ మెనూల్లో కనపడే డివైస్ ఐడీ, ఎక్స్‌క్లూజివ్ చానల్, టెర్మినేటర్ లాంటి మాటలు ఎక్కడినుంచి వచ్చాయి అన్నది. ప్రతి సెట్టింగ్ వెనకా ఒక కథ ఉంది. కొన్నిటి వెనక పెద్ద పెద్ద కంపెనీలు కలిసి కూర్చుని మాట్లాడుకున్న కథ. కొన్నిటి వెనక అస్సలు మాట్లాడుకోని కథ.

ముందు శాంప్లర్ అంటే ఏంటో చెప్పుకుందాం. పెళ్ళి ఊరేగింపులోనో, వినాయక నిమజ్జనంలోనో ప్యాడ్ వాయించే అన్నని చూసే ఉంటారు. పుల్లతో రబ్బరు పలక మీద కొడతాడు, తీన్మార్ డప్పు మోగుతుంది. అక్కడ డప్పు లేదు. ఎప్పుడో ఎవరో నిజమైన డప్పు మీద నిజంగానే ఒక దెబ్బ వేశారు, దాన్ని రికార్డు చేసి అంకెలుగా మార్చి మెషీన్ మెమరీలో దాచారు. ఆ దాచిన ముక్కని శాంపిల్ అంటాం. దాన్ని దాచి, కొట్టినప్పుడల్లా తిరిగి మోగించే మెషీన్ శాంప్లర్.

ఇప్పుడు అసలు పాయింట్. రెండు మ్యూజిక్ మెషీన్లు డేటా ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి ఆర్డర్ పంపడం: "ఈ స్వరం వాయించు, ఇంత గట్టిగా వాయించు, ఇక ఆపు." రెండోది శబ్దాన్నే పంపడం. మొదటిది స్వరాలు రాసిన కాగితం పోస్టులో వేసినట్టు. రెండోది పాడే మనిషినే బస్సెక్కించి పంపినట్టు. కాగితానికి కవరు చాలు. మనిషికి సీటు కావాలి, టికెట్ కావాలి, దిగే చోటు తెలియాలి. ఈ తేడా గుర్తుంటే మిగతా కథంతా ఈజీగా అర్థమవుతుంది.

మొదటి డిజిటల్ శాంప్లర్లలో బాగా పేరొచ్చింది ఫెయిర్‌లైట్ సీఎంఐ. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు చేశారు. సామాన్యుడు కొనగలిగే ధర కాదు, పెద్ద పెద్ద స్టార్లు మాత్రమే కొన్నారు. 1981లో అమెరికాలో ఈము అనే కంపెనీ ఎమ్యులేటర్ తెచ్చింది. ఫెయిర్‌లైట్ కంటే చవక, కానీ పట్టేది కొద్ది సెకన్ల శబ్దమే. ఇవన్నీ ఒంటరి ద్వీపాలు. ఒకదానిలో రికార్డు చేసింది దానిలోనే మోగాలి. పక్కన ఇంకో కంపెనీ కీబోర్డు ఉంటే రెండింటినీ కలపడానికి అందరూ ఒప్పుకున్న దారి అంటూ లేదు. ఎవడి ప్లగ్గు వాడిది. రోలాండ్‌కి ఒక పద్ధతి, ఓబర్‌హైమ్‌కి ఇంకో పద్ధతి.

దీన్ని మార్చాలని మొదట గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో ఒకరు జపాన్ ఆయన, ఇకుతారో కకెహషి. రోలాండ్ కంపెనీ పెట్టింది ఆయనే, 1972లో. 1981 వేసవిలో అమెరికాలో వాద్యాల వ్యాపారుల సంత జరుగుతుంది, నామ్ షో అంటారు. అక్కడ కకెహషి వెళ్ళి టామ్ ఓబర్‌హైమ్‌తో మాట్లాడాడు. ఓబర్‌హైమ్ ఆ సంగతి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ యజమాని డేవ్ స్మిత్‌కి చెప్పాడు. గమనించండి, వీళ్ళందరూ ఒకే మార్కెట్‌లో పోటీదారులు. అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో ఆడియో ఇంజినీర్ల సమావేశంలో స్మిత్, తన సహోద్యోగి చెట్ వుడ్‌తో కలిసి రాసిన పత్రం చదివాడు. ఏ కంపెనీ సింథసైజర్ అయినా ఇంకే కంపెనీదానితో అయినా మాట్లాడేలా ఒకే పద్ధతి ఉండాలన్నది అందులోని ప్రతిపాదన. తర్వాత రోలాండ్, యమహా, కోర్గ్, కవాయ్ లాంటి జపాన్ కంపెనీలూ స్మిత్ కలిసి దాన్ని దిద్దారు. దిద్దగా వచ్చిందే మిడి.

1983 జనవరిలో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో జరిగిన నామ్ షోలో సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్-600నీ రోలాండ్ వాళ్ళ జూపిటర్-6నీ ఒక వైరుతో కలిపారు. ఒకదాని మీద నొక్కితే రెండోది మోగింది. ఒక అమెరికా కంపెనీ పెట్టె, ఒక జపాన్ కంపెనీ పెట్టె. ఈ పద్ధతి వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. నా లెక్కలో ఈ కథలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. ముప్పై ఏళ్ళ తర్వాత, 2013లో, స్మిత్‌కీ కకెహషికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. నన్నడిగితే చాలా ఆలస్యంగా ఇచ్చారు.

ఆ వైరు సంగతి కొంచెం చూద్దాం. ప్లగ్గులో ఐదు పిన్నులుంటాయి, మామూలుగా పనిచేసేవి మూడే. వైరు మామూలుగా 15 మీటర్లు దాటకూడదు. తీసుకునే మెషీన్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. వైరులో వచ్చిన కరెంటు అందులో ఒక బుల్లి లైటుని వెలిగిస్తుంది, ఆ లైటుని ఎదురుగా ఉన్న సెన్సర్ చదువుతుంది. అంటే రెండు మెషీన్ల మధ్య సమాచారం చివరి గడప వెలుతురుగా దాటుతుంది. కరెంటు నేరుగా కలవదు కాబట్టి స్పీకర్లలో ఆ "బుయ్య్" మనే హమ్మింగ్ రాదు. మన ఊళ్ళలో స్టేజీల మీద కరెంటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ చిన్న చిప్ విలువ వేరే చెప్పక్కర్లేదు.

స్పీడు సెకనుకి 31,250 బిట్లు. ఈ వింత అంకె ఎందుకంటే, అప్పటి చవకైన ప్రాసెసర్ల గడియారం వేగం పది లక్షల హెర్ట్జ్‌ని 32తో భాగిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. అదనంగా ఏ పార్టూ కొనక్కర్లేదు. చవగ్గా ఉంటేనే అన్ని కంపెనీలూ పెడతాయి, చిన్న కీబోర్డులోనూ పెడతాయి. ఒక స్వరం వాయించమని చెప్పడానికి మూడు బైట్లు చాలు. అవి వెళ్ళడానికి దాదాపు ఒక మిల్లీసెకను. మనిషి చెవికి తేడా తెలీదు. ఆర్డర్లు పంపడానికి ఇది చక్కగా సరిపోయింది.

దీని వల్ల ఏం సాధ్యమైందో మన దగ్గరి ఉదాహరణే ఉంది. రోలాండ్ 1985లో తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్, ప్యాడ్-8. ఎనిమిది రబ్బరు పలకలు, లోపల శబ్దం సున్నా. అది ఒట్టి ఆర్డర్లు పంపే మెషీన్. కొడితే మిడి వైరులో "ఫలానా నెంబరు వాయించు" అని వెళ్తుంది, అవతల ఉన్న శాంప్లరో డ్రమ్ మెషీనో మోగుతుంది. తర్వాత వచ్చిన మోడళ్ళలో శబ్దాలు లోపలే పెట్టారు. మన ఆర్కెస్ట్రాల్లో "ప్యాడ్" అనే మాట ఈ కుటుంబం నుంచి వచ్చిందే. ఇక్కడే మొదటి రెండు సెట్టింగులు వస్తాయి. ఒకటి మిడి చానల్, 1 నుంచి 16 దాకా. ప్యాడ్ 10వ చానల్‌లో పంపుతుంటే శాంప్లర్ 1వ చానల్‌లో వింటుంటే ఏమీ మోగదు. మెషీన్ పాడైందని అనుకునేవాళ్ళలో చాలామందికి సమస్య ఇదే. రెండోది ఏ పలక ఏ నోట్ నెంబరు పంపుతోంది, శాంప్లర్‌లో ఆ నెంబరు మీద ఏ శాంపిల్ కూర్చుంది అన్న జత. ఇది కలవకపోతే డప్పు బదులు ట్రంపెట్ మోగుతుంది.

ఒక చిన్న పక్కదారి. మిడిలో విలువలన్నీ 0 నుంచి 127 దాకానే ఎందుకు? ఒక బైట్‌లో ఎనిమిది బిట్లుంటాయి. మిడి వాటిలో మొదటిదాన్ని "ఇది ఆర్డరా, ఆర్డర్ లోపలి అంకెనా" అని చెప్పడానికి వాడుకుంది. మిగిలినవి ఏడు బిట్లు. ఏడు బిట్లతో 128 విలువలే వస్తాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పది నిమిషాల్లో దీంతో పని పడుతుంది.

ఆర్డర్ల దారి బాగుంది, కానీ మన సంగీతానికి అది ఇరుకు. మిడి నోట్ అంటే పియానో మెట్టు. సన్నాయి మీద వచ్చే గమకం మెట్ల మీద నడవదు, మధ్యలో జారుతుంది. పిచ్ బెండ్ అని ఒకటుంది, దాంతో కొంత చేయొచ్చు, కానీ అది ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నిటినీ ఒకేసారి వంచుతుంది. అందుకే సన్నాయి గమకం కావాలంటే ఆర్డర్లతో కుస్తీ పట్టడం కంటే ఆ ముక్కని నిజంగా వాయించిన మనిషి దగ్గర రికార్డు చేసుకుని శాంపిల్‌గా పెట్టుకోవడం తేలిక. డప్పు సంగతీ అంతే. ఏ తోలు, ఎంత కాచారు, చిర్ర ఎలా తగిలింది, ఇవేవీ నోట్ నెంబరులో ఉండవు. శబ్దాన్నే తీసుకెళ్ళాలి. అంటే రెండో దారి కావాలి.

1986లో ఆ దారికీ ఒక ప్రమాణం వచ్చింది. పేరు శాంపిల్ డంప్ స్టాండర్డ్, ఎస్‌డీఎస్ అందాం. అదే మిడి వైరు మీద, అదే నెమ్మది స్పీడులో, శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా పంపడం. ఒక్కో ప్యాకెట్ 127 బైట్లు, అందులో శబ్దం 120 బైట్లు. ఇందాక చెప్పిన ఏడు బిట్ల సంగతి ఇక్కడ దెబ్బ కొడుతుంది. సీడీ క్వాలిటీలో ఒక్కో అంకెకి 16 బిట్లు కావాలి. ఏడు చొప్పున కోస్తే రెండు బైట్లలో 14 బిట్లే పడతాయి, మిగిలిన రెండింటి కోసం మూడో బైట్. కాబట్టి ఒక ప్యాకెట్‌లో 40 అంకెలే వెళ్తాయి. సెకను శబ్దంలో 44,100 అంకెలు. లెక్క వేయండి, దాదాపు 1,103 ప్యాకెట్లు, ఒక్కోదానికి 40 మిల్లీసెకన్ల పైన. మొదట్లో చెప్పిన ముప్పావు నిమిషం ఇక్కడినుంచి వచ్చింది. అప్పటి శాంప్లర్లు చాలావరకు 12 బిట్లవి కాబట్టి వాటికి కొంచెం తక్కువ పట్టేది. తక్కువంటే, కాఫీ కాచుకుని రావొచ్చు.

కానీ ఆ డిజైన్‌లో నాకు నచ్చే తెలివి ఉంది. ప్రతి ప్యాకెట్ చివర ఒక చెక్ అంకె ఉంటుంది. తీసుకునే మెషీన్ లెక్క సరిచూసుకుని "అందింది" అంటుంది, లేదా "పాడైంది, మళ్ళీ పంపు" అంటుంది. ఫ్లాపీ మీద రాసుకోవాల్సి వస్తే "ఆగు" అంటుంది. వద్దనుకుంటే "ఆపేయ్" అంటుంది. ఈ నాలుగు మాటలు వెనక్కి రావాలంటే రెండు వైర్లు కావాలి, ఒకటి వెళ్ళేది, ఒకటి వచ్చేది. ఒకే వైరు పెట్టినా పని జరుగుతుంది. పంపే మెషీన్ ప్రతి ప్యాకెట్ తర్వాత 20 మిల్లీసెకన్లు చూసి, జవాబు రాకపోతే అవతల నోరులేని మెషీన్ ఉందనుకుని ముందుకు పోతుంది. కాకపోతే టైము సగం ఎక్కువ పడుతుంది, మధ్యలో తప్పు పోతే ఎవరికీ తెలీదు. అందుకే పాత శాంప్లర్ కలిపేటప్పుడు మొదట చూడాల్సింది ఇది: ఇటు అవుట్ అటు ఇన్‌కి, అటు అవుట్ ఇటు ఇన్‌కి, రెండూ ఉన్నాయా.

రెండోది డివైస్ ఐడీ. కొన్ని మెషీన్లలో దీన్నే ఎక్స్‌క్లూజివ్ చానల్ అంటారు. ఇది మిడి చానల్ కాదు. శబ్దం లాంటి పెద్ద సరుకు సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే మెసేజ్‌లో వెళ్తుంది, దానికి చానల్ ఉండదు. అందుకని ఎవరికోసమో చెప్పడానికి విడిగా ఒక నెంబరు పెట్టారు. ఇంటి నెంబరు అనుకోండి. ఇది రెండు వైపులా ఒకటే ఉండాలి. మూడోది, సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ తీసుకోవడం ఆన్‌లో ఉందా. నాలుగోది, మెమరీ ప్రొటెక్ట్ లాంటి తాళం ఏమన్నా ఉంటే తీశారా. ఇవి సరిగ్గా లేకపోతే మెషీన్ ఎర్రర్ కూడా చూపించదు. మౌనంగా కూర్చుంటుంది.

పోయిన ఏడాది ఒక తమ్ముడు నా దగ్గరికి ఒక పాత ర్యాక్ శాంప్లర్ తెచ్చాడు. వాళ్ళ నాన్నగారు తొంభైల్లో ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయించేవారు. ఆయన లేరు ఇప్పుడు. తన సొంత ఢోలక్‌ని, తనే వాయించి, ఆ మెషీన్‌లో ఎక్కించుకున్నారట. ఆయన వాయించింది వినాలంటే ఇంట్లో క్యాసెట్ కూడా లేదు, ఉన్నదల్లా ఆ ఫ్లాపీల్లోనే. డ్రైవ్ లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి మెమరీలోకి లోడ్ అయింది. ఇక కరెంటు పోతే మళ్ళీ లోడ్ అవుతుందో లేదో నమ్మకం లేదు. కంప్యూటర్‌కి రెండు మిడి వైర్లు కలిపి డంప్ అడిగాం. ఏమీ రాలేదు. మిడి చానల్ చూశాం, బాగానే ఉంది. చివరికి తేలిందేంటంటే శాంప్లర్ తన ఇంటి నెంబర్లని 1 నుంచి లెక్కపెడుతోంది, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ 0 నుంచి లెక్కపెడుతోంది. దీనికి 1 అంటే దానికి 0. ఒక అంకె తగ్గించగానే స్క్రీన్ మీద గీత కదలడం మొదలైంది. నాలుగు సెకన్ల ఢోలక్, నిమిషంన్నర పట్టింది. ఆ నిమిషంన్నర ఇద్దరం స్విచ్ బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక్కో శాంపిల్ అలా తీశాం, మొత్తం పద్నాలుగు.

మళ్ళీ ఎనభైల్లోకి వెళ్దాం. ఈ నెమ్మదితనం భరించలేక కొందరు మిడిని పక్కనపెట్టి వేరే దారులు వెతికారు. ఈము వాళ్ళ ఎమ్యులేటర్ 2లో మిడితో పాటు కంప్యూటర్ కోసం వేరే వేగమైన సీరియల్ పోర్టు ఇచ్చారు. 1985లో పీటర్ గాచర్, ఎవన్ బ్రూక్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని మ్యాకింటోష్ కంప్యూటర్‌కి కలిపి సౌండ్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. శాంప్లర్ లోని శబ్దాన్ని స్క్రీన్ మీద అలలా చూసి, కోసి, మళ్ళీ శాంప్లర్‌లోకి పంపొచ్చు. వాళ్ళ కంపెనీ పేరు డిజిడిజైన్. అదే కంపెనీ 1991లో ప్రో టూల్స్ తెచ్చింది. ఇవాళ సినిమా పాటల రికార్డింగ్ దగ్గర వినపడే ఆ పేరుకి మూలం, శాంప్లర్‌తో డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి రాసిన ఒక ప్రోగ్రామ్. ఇది చాలామందికి తెలీదు.

1986లో అకాయ్ ఎస్900, 1988లో ఎస్1000 వచ్చాయి. ఎస్1000 అంటే 16 బిట్లు, స్టీరియో, మామూలుగా 2 మెగాబైట్ల మెమరీ. నవ్వకండి, మీ ఫోన్‌లో ఒక ఫొటో దాని కంటే పెద్దది. ఆ రెండు మెగాబైట్లు ఒక ఫ్లాపీలో పట్టవు, రెండు కావాలి. ఒక పాట నుంచి ఇంకో పాటకి మారాలంటే స్టేజీ మీద ఫ్లాపీలు మారుస్తూ కూర్చోవాలి. అందుకని హార్డ్ డిస్క్ కలపడానికి ఒక అదనపు బోర్డు అమ్మారు. ఆ కనెక్షన్ పేరు ఎస్‌సీఎస్ఐ, అందరూ స్కజీ అనేవారు. ఇది కంప్యూటర్ లోకం నుంచి అరువు తెచ్చుకున్నది. మిడి సెకనుకి మూడు వేల బైట్లు మోస్తే, స్కజీ లక్షల్లో మోస్తుంది.

స్పీడుతో పాటు కొత్త తలనొప్పులూ వచ్చాయి. ఒకే గొలుసులో ఎనిమిది డివైస్‌లు ఉండొచ్చు, ఒక్కోదానికి 0 నుంచి 7 దాకా విడి నెంబరు. రెండింటికి ఒకటే నెంబరుంటే గొలుసు మొత్తం స్తంభిస్తుంది. గొలుసు రెండు చివర్లా టెర్మినేటర్ అనే చిన్న బిరడా ఉండాలి. లేకపోతే వైరు చివర సిగ్నల్ గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి డేటాని పాడుచేస్తుంది. మధ్యలో ఉన్నవాటికి మాత్రం అది ఉండకూడదు. డిస్క్ ముందు ఆన్ చేసి, అది తిరిగి స్పీడ్ అందుకున్నాక శాంప్లర్ ఆన్ చేయాలి. స్టూడియోల్లో ఈ వరస ఒక ఆచారంలా పాటించేవారు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ.

అసలు విషాదం ఇది కాదు. స్కజీ వైరు అందరిదీ ఒకటే, కానీ డిస్క్ మీద ఎలా రాయాలి అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. అకాయ్ డిస్క్ అకాయ్‌కే అర్థమవుతుంది, ఈము డిస్క్ ఈముకే. మామూలు కంప్యూటర్‌లో పెడితే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. అవునని నొక్కారో, పోయింది అంతా. స్కజీ మీద శాంపిళ్ళు మార్చుకోవడానికి అందరికీ ఒకే పద్ధతి ఉండాలని అమెరికాలో పీవీ అనే కంపెనీ ప్రయత్నించింది. ఎస్ఎండీఐ అన్నారు. కర్జ్‌వైల్ లాంటి కొందరు కలిశారు, కొందరు కలవలేదు. 1983లో ఆనహైమ్‌లో జరిగింది మళ్ళీ జరగలేదు. ఆర్డర్ల దగ్గర ఒప్పుకున్న కంపెనీలు శబ్దం దగ్గర ఒప్పుకోలేదు. నాకు తోచిన కారణం ఒకటే: అప్పటికి శబ్దాల లైబ్రరీయే వ్యాపారం. కస్టమర్ దగ్గర వంద డిస్కులు మన ఫార్మాట్‌లో ఉంటే అతను పక్క షాపుకి పోడు.

చివరికి ఆ గోడ పడగొట్టింది మ్యూజిక్ కంపెనీలు కాదు, ఆఫీస్ కంప్యూటర్. మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి 1991లో వేవ్ ఫైల్ తెచ్చారు. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లో అది ఉండటంతో శాంప్లర్ కంపెనీలు దిగిరాక తప్పలేదు. 1998లో అకాయ్ ఎస్5000 తన శాంపిళ్ళని నేరుగా వేవ్ ఫైళ్ళుగానే దాచింది. తర్వాత యూఎస్‌బీ, మెమరీ కార్డు వచ్చాయి, శాంప్లర్ కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్‌లా కనపడటం మొదలైంది. సరదా ఏంటంటే వేవ్ ఫైల్ లోపల శాంప్లర్ల కోసం ఒక చిన్న గది ఉంది. లూప్ ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, అసలు స్వరం ఏ మిడి నెంబరు, ఒక్కో అంకెకి ఎన్ని నానోసెకన్లు అని అందులో రాసుకోవచ్చు. ఈ నానోసెకన్ల లెక్క ఎస్‌డీఎస్‌లో ఉన్నదే. సీడీ స్పీడుకి అది 22,676. మీ ఫోన్‌లో ఉన్న డప్పు శాంపిల్ ఫైల్‌లో కూడా ఆ గది ఉండొచ్చు.

ఫోన్ దగ్గరికి వచ్చాం కాబట్టి కోర్గ్ వోల్కా శాంపిల్ గురించి చెప్పాలి. 2014లో వచ్చింది, అరచేతి కంటే కాస్త పెద్దది. దానికి యూఎస్‌బీ లేదు, కార్డు లేదు. మరి కొత్త శబ్దం ఎక్కించడం ఎలా? ఐఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు తీసి దాని సింక్ ఇన్‌లో గుచ్చడం. యాప్‌లో పంపు అని నొక్కితే డేటా "కీ... ఘర్ర్" అనే శబ్దంగా మారి వెళ్తుంది. పాత రోజుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములు క్యాసెట్ మీద దాచినట్టే. మధ్యలో ఫోన్‌కి కాల్ వచ్చినా, నోటిఫికేషన్ మోగినా చెడిపోతుంది. వాల్యూమ్ ఎక్కువ పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడమే సెట్టింగ్. 2020లో వచ్చిన రెండో మోడల్‌లో యూఎస్‌బీ ఇచ్చారు, బతికిపోయాం.

మిడి మాత్రం చావలేదు. 2010 నుంచి ఐప్యాడ్‌లో, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ఉంది. ఓటీజీ అడాప్టర్, యూఎస్‌బీ మిడి వైరు ఉంటే మీ ఫోన్ 1983 నాటి ప్రాఫెట్-600ని వాయించగలదు. 2020 జనవరిలో మిడి 2.0ని ఆమోదించారు. అందులో ఒక్కో స్వరాన్ని విడిగా వంచొచ్చు, అంటే గమకానికి కొంచెం చోటు దొరికింది. రెండు వైపులా మాట్లాడుకోవడం కూడా ఇప్పుడు ఆ ప్రమాణంలోనే రాసుంది. డివైస్ ఐడీ కోసం మనిషి తడుముకోకుండా, మెషీన్లే ఒకదాన్నొకటి "నువ్వెవరు, నీకేం వచ్చు" అని అడిగి తెలుసుకోవచ్చు.

మీ ఇంట్లోనో, మామయ్య వాళ్ళింట్లోనో, పాత స్టూడియో అటక మీదో ఇలాంటి మెషీన్ ఉంటే వాయిదా వేయకండి. ఫ్లాపీ మీద అయస్కాంత పూత శాశ్వతం కాదు, తేమకి బూజు పడుతుంది. ఇప్పుడు ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో పెట్టే యూఎస్‌బీ పెట్టెలు, స్కజీ డిస్క్‌లా నటించే మెమరీ కార్డు బోర్డులు దొరుకుతున్నాయి. అకాయ్, ఈము ఫార్మాట్లు చదివి వేవ్‌గా మార్చే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఏదీ కుదరకపోతే రెండు మిడి వైర్లు, ఎస్‌డీఎస్, ఓపిక. లేదా ఆఖరికి శాంప్లర్ ఆడియో అవుట్ నుంచి నేరుగా రికార్డు చేసేయండి, ఏమీ లేకపోవడం కంటే అది నయం. ఒక్క విషయం, ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టేముందు వెనక్కి తిప్పి చూడండి. మూలన చిన్న ప్లాస్టిక్ గడియ ఉంటుంది. దాన్ని జరిపి ఆ రంధ్రంలోంచి వెలుతురు కనపడేలా పెట్టండి. అలా ఉంటే మెషీన్ దాన్ని చదవగలదు, దాని మీద రాయలేదు.